యోగాభ్యాసమున మొదటి మెట్టు: ఆరంభకుని గూర్చి సూత్రభాష్యముల అభిప్రాయము

యోగము నేర్చుకొనదలచినవాడు దేనితో ఆరంభింపవలెనన్నది పూర్వము గురుశిష్యుల నడుమ ఏకాంతమున నడచిన ప్రశ్న. ఇప్పుడది వీధిలోనికి వచ్చినది. 2014 డిసెంబరు 11వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2015 మొదలుకొని ఏటేటా ఆ దినమున అనేక విద్యాలయముల ప్రాంగణములలో చాపలు పరుస్తున్నారు. మరునాడు విద్యార్థి సంస్కృతాధ్యాపకుని వద్దకు వచ్చి, "గురువుగారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతాడు. శాస్త్రము చదివినవారు గనుక తెలిసి చెప్పుదురని వాని నమ్మకము.

సాధారణముగా వానికి లభించు సమాధానములు రెండు. యమనియమములు ముందు సిద్ధింపవలెను, ఆసనము మూడవ అంగము, అసత్యమాడుచు కాళ్లు మడిచి కూర్చున్నంత మాత్రమున యోగము కాదు అన్నది మొదటిది. ఆ మాటలన్నీ తరువాత చూడవచ్చును, ముందు శరీరము వంగవలెను, రేపటి నుండి పది ఆసనములు వేయుము అన్నది రెండవది. మొదటి సమాధానము తలుపు మూసివేస్తున్నది. రెండవది వేరొక ఇంటి తలుపు తెరుస్తున్నది. సూత్రములను, వ్యాసభాష్యమును, ప్రాచీన వ్యాఖ్యలను కలిపి చూచినచో ఈ రెంటిలో ఏదియు నిలువదు.

శాస్త్రాదిని ఉన్న 'అథ' శబ్దముతోనే విచారము మొదలుపెట్టవలెను. బ్రహ్మసూత్రములలోని 'అథ' శబ్దమునకు శంకరభగవత్పాదులు ఆనంతర్యమును అర్థముగా నిర్ణయించి, నిత్యానిత్యవస్తువివేకము మొదలైన సాధనచతుష్టయము కలిగిన పిమ్మటనే బ్రహ్మజిజ్ఞాస అని స్థాపించినారు. యోగభాష్యమున వ్యాసుడు అదే శబ్దమునకు అధికారము, అనగా విషయమును ప్రారంభించుట, అని అర్థము చెప్పినాడు. ఇచట ఆనంతర్యము కాదని వాచస్పతిమిశ్రుడు తత్త్వవైశారదిలో స్పష్టముగా వ్రాసినాడు. భామతిని రచించినవాడును ఆయనయే. అచట ఒక అర్థమును సమర్థించిన చేతితోనే ఇచట దానిని నిరాకరించినాడనగా, తెలియక చేసిన పని కాదు. యోగమునకు అర్హతయే అక్కరలేదని దీని తాత్పర్యము కాదు. ద్వారమున నిలిపి పరీక్షించు నియమము మాత్రము ఆ శబ్దములో లేదు.

అయితే లోనికి వచ్చినవాడు ఎట్టివాడు? ప్రథమపాదము సమాహితచిత్తుని ఉద్దేశించినది. ద్వితీయపాదమునకు అవతారిక వ్రాయుచు, వ్యుత్థితచిత్తుడు కూడ యోగయుక్తుడగుట ఎట్లో చెప్పుటకు ఈ భాగము ఆరంభమైనదని భాష్యకారుడు అన్నాడు. మనస్సు నిలువనివాడే ఇచటి ఆరంభకుడు. అట్టివానికి పతంజలి మొట్టమొదట చూపినది ఆసనము కాదు, అహింస కూడ కాదు. తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను మూడింటి సముదాయమైన క్రియాయోగమును చూపినాడు. నియమములు ఐదింటిలో చివరి మూడును ఇవియే. పట్టికలో చివరనున్న వాటిని ఎత్తి పాదమునకు తలకట్టుగా ఉంచినాడు. ఆరంభమును గూర్చి ఆలోచించువారు ఈ కూర్పును విస్మరింపరాదు.

తపస్సు అనగానే ఉపవాసములు, శీతోష్ణములను సహించుట గుర్తుకు వచ్చును. వ్యాసుడు దానికి ఒక హద్దు గీచినాడు. చిత్తప్రసాదమునకు బాధ కలిగింపని తపస్సే ఆచరింపదగినది. వాచస్పతిమిశ్రుడు మరింత నిక్కచ్చిగా, ధాతువైషమ్యము కలుగనంతవరకే తపస్సు చేయవలెనన్నాడు. ఆయుర్వేదపరిభాషలో చెప్పిన ఈ హద్దు ఆరంభకునికి ఎంతయో ఉపకారకము. మొదటి వారముననే శరీరమును హింసించుకొని, రెండవ వారమున మంచము పట్టి, యోగము తనకు పడలేదని చెప్పువాడు ఈ వాక్యమును చదువనివాడు. ఇక స్వాధ్యాయమనగా ప్రణవాది మంత్రజపము, లేదా మోక్షశాస్త్రాధ్యయనము. నిత్యము గీతను, ఉపనిషత్తులను వల్లెవేయు ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఇది ఇప్పటికే చేతిలోనున్న సాధనము. పరీక్షకై చదువుట, స్వాధ్యాయముగా చదువుట వేరన్నది మాత్రమే వానికి తెలియవలెను. ఈశ్వరప్రణిధానమనగా సర్వక్రియలను పరమగురువునకు అర్పించుట, లేదా వాటి ఫలమును విడుచుట.

విజ్ఞానభిక్షువు యోగసారసంగ్రహమున అధికారులను ఆరురుక్షువు, యుంజానుడు, యోగారూఢుడు అని మూడు విధములుగా విభజించి, క్రమముగా మంద, మధ్యమ, ఉత్తములని పేర్కొన్నాడు. అభ్యాసవైరాగ్యములు ఉత్తమునకు, క్రియాయోగము మధ్యమునకు, అష్టాంగములు మందునకు. ఇచట 'మంద' శబ్దము నింద కాదు, ఎక్కదలచినవాడని భావము. 'ఆరురుక్షువు' గీతలోని ఆరవ అధ్యాయమునుండి వచ్చిన మాట. అచట కూడ ఎక్కదలచిన మునికి సాధనము కర్మయేనని చెప్పబడినది.

పరిభాషలో రెండు మోసపు మాటలున్నవి. వ్యాసుడు విభూతిపాదభాష్యమున నలుగురు యోగులను చెప్పుచు మొదటివానిని 'ప్రథమకల్పికుడు' అన్నాడు. హఠయోగప్రదీపికలోని నాలుగు అవస్థలలో మొదటిది 'ఆరంభావస్థ'. ఈ రెండు మాటలను చూచి క్రొత్తగా చేరినవాడని అర్థము చేసికొనుట పొరపాటు. ప్రథమకల్పికుడు అంతర్జ్యోతి అప్పుడే ప్రవర్తించుచున్నవాడు. ఆరంభావస్థ బ్రహ్మగ్రంథి భేదించిన తరువాతిది. చాప పరచిన మొదటి దినమునకు ఈ నామములను తగిలించుట తగదు.

ఇక మొదటి పక్షము. యమము సిద్ధింపనిదే ఆసనము కూడదనువారు అంగముల పాఠక్రమమును ప్రమాణముగా చూపుదురు. క్రమమును నిర్ణయించుటకు మీమాంసకులు శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి అని ఆరు ప్రమాణములు చెప్పినారు. వీటిలో ముందటిది తరువాతి దానికంటె బలవత్తరము. వేదమున అగ్నిహోత్రహోమము ముందు, యవాగువు వండుట తరువాత పఠింపబడినను, వండనిదే హోమము జరుగదు గనుక అర్థక్రమము పాఠక్రమమును బాధిస్తుందని విద్యార్థిదశలోనే అందరును చదివినదే. గీతలో ఆసనమునకు వస్త్రము, చర్మము, కుశలు అని పాఠమున్నను, శంకరులు దానిని తలక్రిందులు చేసి, అడుగున కుశలు, వాటిపై చర్మము, అన్నిటికంటె పైన వస్త్రము అని వ్యాఖ్యానించినారు.

అష్టాంగములలో ఒక చోట మాత్రము సూత్రకారుడు క్రమమును నోటితో చెప్పినాడు. ఆసనము సిద్ధించిన పిదపనే ప్రాణాయామము. ఇది శ్రౌతక్రమము. ఒక అంగము పూర్తికానిదే మరొకటి ఆరంభింపరాదని ఇచట కంఠోక్తిగా ఉన్నది. యమనియమములకు, ఆసనమునకు నడుమ అట్టి పదమేదియు లేదు. అచట మిగిలినది పాఠక్రమము. దానిని బాధించు ప్రబలప్రమాణము లేదు గనుక అది నిలుచును, నిజమే. అయితే యమము ముందు ఆరంభింపదగినదని అది తెలుపును గాని, ముందు సమాప్తము కావలెనని తెలుపదు. ప్రాణాయామసూత్రములోనున్న విశేషమును లేనిచోటికి తెచ్చి కలుపుట న్యాయము కాదు. పైగా, సాధనలను అనుష్ఠించుచున్న కొలది అశుద్ధి పలుచబడుచు వచ్చునని భాష్యమున్నది. ఒక్కసారిగా తొలగునని లేదు.

యమములు కూడ రెండు స్థాయులలో ఉన్నవి. జాతి, దేశ, కాల, సమయములచేత హద్దు లేనప్పుడు అవి మహావ్రతము అనిపించుకొనును. వ్యాసుడు హద్దుగల అహింసకు చూపిన ఉదాహరణములు సుపరిచితములు. చేపలను పట్టువాడు వాటిని తప్ప ఇతరప్రాణిని హింసింపకుండుట, తీర్థస్థలమున హింసింపకుండుట, చతుర్దశినాడు హింసింపకుండుట, యుద్ధమున తప్ప అన్యత్ర హింసింపకుండుట. హద్దు లేనిది మహావ్రతమైనచో, హద్దుగలది వ్రతము కాకపోదు కదా. జాలరి చేపలను చంపవచ్చునని ఇచట అనుజ్ఞ ఇచ్చుట లేదు. వాడున్న చోటినుండి నడక మొదలు కావచ్చునన్నదే గ్రహింపదగినది. జపము చేయు గంటకాలమైనను, పాఠము జరుగు గదిలోనైనను అసత్యమాడనని సంకల్పించిన విద్యార్థి కాలావచ్ఛిన్నము, దేశావచ్ఛిన్నము అయిన సత్యమును ఆరంభించినాడు. మరల తప్పినచో దానికి ప్రతిపక్షభావనమను ఉపాయమును సూత్రకారుడే చెప్పినాడు. తప్పుదురని తెలిసియే శాస్త్రము చెప్పబడినది.

రెండవ పక్షమునకు ఇంకను దీర్ఘమైన సమాధానము కావలెను, ఏలయన లోకమున నేడు ప్రబలముగా ఉన్నది అదియే. నూటతొంబదియైదు సూత్రములలో ఆసనమునకు పతంజలి కేటాయించినవి మూడు. నిలుకడ, సుఖము రెండును ఉన్నది ఆసనమని మొదటిది. ప్రయత్నశైథిల్యముచేతను, అనంతసమాపత్తిచేతను అది సిద్ధించునని రెండవది. శీతోష్ణాది ద్వంద్వములు బాధింపకుండుట ఫలమని మూడవది. వంగుటను గూర్చి, సాగుటను గూర్చి ఒక్క మాట లేదు. భాష్యమున పద్మాసనము, వీరాసనము, భద్రాసనము, స్వస్తికము, దండాసనము మొదలుగా పేర్లున్నవి. ఆ వరుసలోనే 'సోపాశ్రయము' అనునది ఒకటి కలదు. ఆధారముతో కూడినదని అర్థము. వాచస్పతిమిశ్రుడు దానికి యోగపట్టమును చేర్చి వివరించినాడు.

యోగపట్టమనగా ఏమో తెలుగు పాఠకునకు వ్యాఖ్య అక్కరలేదు. యోగనరసింహమూర్తి మోకాళ్లచుట్టు బిగించిన పట్టీయే అది. హంపీలో శ్రీకృష్ణదేవరాయల కాలమున 1528లో మలచిన మహానరసింహవిగ్రహమున అది పెద్దదిగా కనబడును. శబరిమల అయ్యప్పకు కూడ ఉన్నది. సాక్షాత్తు నరసింహుడే పట్టీ కట్టుకొని కూర్చుండగా, మోకాళ్లు నొచ్చు ఆరంభకుడు గోడకు ఆనుకొన్నచో అది యోగము కాదని త్రోసివేయుట ఏ శాస్త్రమో తెలియదు. భాష్యపు పట్టికలో చివరిమాట 'యథాసుఖము'. ఎట్లు సుఖముగా ఉండునో అట్లు అని.

ప్రయత్నశైథిల్యమును గూర్చిన వ్యాఖ్యలు మరింత సూక్ష్మమైనవి. ప్రయత్నము ఉపశమించినప్పుడు ఆసనము సిద్ధించును, అప్పుడు అంగమేజయము, అనగా అవయవముల వణకు, ఉండదని వ్యాసుడు చెప్పినాడు. ఈ అంగమేజయత్వమే ప్రథమపాదమున విక్షేపములతో కూడ వచ్చువాటిలో దుఃఖ, దౌర్మనస్య, శ్వాసప్రశ్వాసములతో పాటు లెక్కింపబడినది. రెండు చోట్లను కలిపి చదివినప్పుడు ఆరంభకునికి ఒక కొలత దొరుకును. తొడలు వణకుచుండగా పండ్లు బిగించి ఆపుకొనువాడు ఆసనసిద్ధికి చేరువగుట లేదు. విక్షేపలక్షణమును స్వయముగా తెచ్చుకొనుచున్నాడు. దేహమును సహజముగా నిలుపు ప్రయత్నమే ఆసనమునకు విరోధియని వాచస్పతిమిశ్రుని వివరణము. మరింత బలముతో అదిమిపట్టుట ఇచటి ఉపదేశము కాదు, పట్టు సడలించుట. అనంతసమాపత్తి అనగా సహస్రఫణములపై భూభారమును కదలక మోయు నాగరాజునందు చిత్తము నిలుపుట. భోజరాజు వృత్తిలో ఇదే స్థలమున 'ఆనంత్య' అని పాఠము. ఆకాశాదులలోని ఆనంత్యమును భావించుట అని ఆయన వ్యాఖ్య. ఏ పాఠమును గైకొన్నను, మనస్సు మోకాళ్లను విడిచి పెద్దదానిని పట్టుకొనవలెనన్న అభిప్రాయము సమానమే.

హఠగ్రంథములు వేరుగా చెప్పుచున్నవి కదా అని ఆక్షేపణము రావచ్చును. నిజమే. స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో ఆసనమును ప్రథమాంగముగా నిలిపి, స్థైర్యము, ఆరోగ్యము, అంగలాఘవము అను ఫలములు చెప్పినాడు. ఘేరండసంహిత షట్కర్మలతో మొదలై ముప్పదిరెండు ఆసనములను వర్ణించినది. అయినను ప్రదీపికలో వర్ణితమైనవి పదునైదు, సారముగా ఎన్నినవి నాలుగు, ఆ నాలుగును కూర్చుండునవే: సిద్ధము, పద్మము, సింహము, భద్రము. షట్కర్మలు సైతము మేదస్సు, శ్లేష్మము అధికముగా ఉన్నవారికే గాని, ఇతరులకు అక్కరలేదని అచటనే స్పష్టమైన మాట.

ఆరంభకుని విషయమున ప్రదీపిక చూపిన జాగ్రత్త ఆశ్చర్యము కలిగించును. యోగమును చెరచు ఆరింటిలో అత్యాహారము, ప్రయాసము, వాగాడంబరము, జనసంగము, చాపల్యములతో పాటు నియమాగ్రహము కూడ ఉన్నది. నియమమును మొండిగా పట్టుకొనుట యోగమునకు శత్రువట! ప్రాతఃకాలమున చన్నీటిస్నానము, రాత్రి మాత్రమే భుజించుట, ఫలములతోనే గడుపుట వంటివి అని బ్రహ్మానందుడు జ్యోత్స్నావ్యాఖ్యలో ఉదాహరించినాడు. కాయక్లేశకరములైన పనులను నిషేధించు చోట, అధికసంఖ్యలో సూర్యనమస్కారములు చేయుటను, బరువులు మోయుటను ఆయనయే పేర్కొన్నాడు. మన ప్రాంతమున అరుణపారాయణతో నమస్కారములు చేయు ఆచారము కలవారికి ఈ వాక్యము రుచింపకపోవచ్చును. ఆ నమస్కారములు ఉపాసనాంగములు, వాటి ఫలము వేరు. జ్యోత్స్నాకారుడు వాటిని నిందింపలేదు. ప్రాణాభ్యాసమునకు పూనుకొన్నవాడు అలసట తెచ్చుకొనరాదని మాత్రము చెప్పినాడు. నేడు మొదటి దినముననే ఆరంభకునిచేత వాటిని పదులసంఖ్యలో చేయించువారు ఈ పంక్తిని ఒకసారి చూడవలెను.

ఆహారమును గూర్చి కడుపులో నాల్గవవంతు విడిచి భుజింపుమని ప్రదీపిక. సగము అన్నవ్యంజనములకు, మూడవ భాగము నీటికి, నాల్గవది వాయుసంచారమునకు అను కొలతను శంకరులు గీతాభాష్యమున ఉదాహరించినారు. అభ్యాసము మొదటి కాలమున పాలు, నేయితో కూడిన భోజనము మంచిదనియు, అభ్యాసము దృఢపడిన పిదప అట్టి నియమము లేదనియు ప్రదీపికలో కలదు. ఆరంభమునకై విధించిన నియమము ఆరంభముతోనే ముగియును. ఇరువది ఏండ్లు అభ్యసించినవాడు అది ఇంకను విడువకున్నచో, పైని చెప్పిన నియమాగ్రహము క్రిందికే వచ్చును.

ప్రాణాయామము దగ్గర మాత్రము గ్రంథములన్నియు స్వరము మార్చినవి. సింహమును, ఏనుగును, పులిని మెల్లమెల్లగా వశపరచుకొనునట్లే వాయువును వశపరచుకొనవలెనని, కానిచో అది సాధకునే చంపునని ప్రదీపిక హెచ్చరిక. తప్పు అభ్యాసముచేత ఎక్కిళ్లు, ఉబ్బసము, దగ్గు, తల, చెవి, కన్నుల నొప్పులు కలుగునని పేర్లతో చెప్పినది. ఆరంభమునకు వసంతశరత్తులే తగినవని, హేమంత, శిశిర, గ్రీష్మ, వర్షర్తువులలో మొదలుపెట్టరాదని ఘేరండుడు. ఆసనము సిద్ధించిన పిదపనే అన్న పతంజలి శ్రౌతక్రమమునకు కారణమిచట తెలియుచున్నది. గోడకు ఆనుకొని కూర్చున్నందువలన ఎవనికిని హాని కలుగదు. గురువు లేక ఊపిరి బిగించినచో కలుగవచ్చును. యమాసనముల నడుమ సడలింపు చూపవలసిన అధ్యాపకుడు ఇచట మాత్రము సడలింపరాదు. కుంభకమును పుస్తకము చూచి చేయుదునన్న విద్యార్థిని వారింపవలెను.

ఎన్నాళ్లకు నిలుకడ వచ్చునన్న ప్రశ్నకు పతంజలి సంఖ్య చెప్పలేదు. దీర్ఘకాలము, ఎడతెగకుండ, ఆదరముతో అను మూడు విశేషణములు చెప్పినాడు. వయస్సు మించినదని వెనుదీయువారికి ప్రదీపిక అవకాశమిచ్చినది. యువకుడు, వృద్ధుడు, అతివృద్ధుడు, రోగి, దుర్బలుడు కూడ అభ్యాసముచేత సిద్ధి పొందుదురని అందున్నది. అభ్యసింపనివానికి, పుస్తకము మాత్రము చదివినవానికి సిద్ధి లేదన్న మాట దాని వెనుకనే కలదు. అది ఎవరిని ఉద్దేశించినదో శాస్త్రపాఠకులకు చెప్పనక్కరలేదు.

ఇక మిగిలినది స్థలము. సమమైనది, శుచియైనది, గులకరాళ్లు, నిప్పు, ఇసుక లేనిది, మనస్సునకు అనుకూలమైనది అని శ్వేతాశ్వతరోపనిషత్తు. ఎత్తు గాని పల్లము గాని కాని పీఠము అని గీత. వసతిగృహమున ఒక గదిలో నలుగురుండు విద్యార్థికి ఇవన్నీ సమకూరుట కష్టము. దీనికి బ్రహ్మసూత్రములు నాల్గవ అధ్యాయము మొదటి పాదమున సమాధానమున్నది. కూర్చుండియే ఉపాసింపవలెనని నిర్ణయించుచు, నడచువానికి చిత్తము చెదరును, నిలిచినవానికి దేహమును నిలుపుటయే పనియగును, పరుండినవానికి నిద్ర వచ్చునని శంకరులు కారణములు చెప్పినారు. దేశము విషయమున మాత్రము ఏకాగ్రత ఎచట కలుగునో అచటనే అని సూత్రనిర్ణయము. శ్రుతిలో స్థలవిశేషములు చెప్పియుండగా నియమము లేదనుట ఎట్లని పూర్వపక్షి అడిగినాడు. అవి ఉన్నమాట నిజమేనని, ఆ వివరములలో నిర్బంధము మాత్రము లేదని ఆచార్యుడు ఇచట మిత్రుడై చెప్పుచున్నాడని శంకరులు వ్రాసినారు. శ్రుతిలోనే ఉన్న 'మనోఽనుకూలే' అను పదమును దానికి సాక్ష్యముగా చూపినారు.